లావా కింది గోల్‌కీపరు

ప్రాయ,
ఆదివారం

గోల్‌పోస్టుకి జానెడు పొట్టి, గాడిదకి జానెడు పొడుగు అయిన మా అల్లుడు సిరీలుకి మామ నస్తాసి మంచం మీంచి దీవించి రాస్తున్నది.

ముందు నా కాలు సంగతి. అతుక్కుంటోందట. డాక్టరమ్మ అలాగే అంటోంది. ఎలా విరిగిందని అడిగితే మెట్లు దిగుతూ పడ్డానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. పక్కింటివాళ్లని ఏడిపిద్దామని వాళ్ల మిద్దె మీది నీళ్ల తొట్టి వెనక దాక్కుని మేకలా అరవబోయి జారానని మీ అమ్మకి తెలిస్తే రెండో కాలు ఆవిడే విరగ్గొడుతుంది. ఇక్కడ ప్రాయ పట్నంలో జుల్యా వదిన ఇంట్లో మూడు పూటలా కషూప పెడుతున్నారు. మొక్కజొన్న గింజలు చెవుల్లోంచి మొలకెత్తేలా ఉన్నాయి.

నీ ఉత్తరం అందింది. మీ కోచ్ ఫోన్లన్నీ పెట్టెలో వేసి వైను పీపాల గదిలో తాళం పెట్టాడంటే నవ్వొచ్చింది. పోనీలే, ఆ పుణ్యాన మన ఉత్తరాలు మోసే లూర్దిష్ లారీకీ, ఓడకీ, నా చేతికీ పని దొరికింది.

ఒరేయ్, మన దీవుల దేశం పటంలో ఈగ వాలిన మరకలా ఉంటుంది. అలాంటి దేశం ఫుట్‌బాల్ పెద్ద కప్పుకి పోతోంది. కప్పు జరిగే ఊరు మబ్బుల్లో ఉంటుంది కాబట్టి, అలవాటు కోసం పల్చటి గాలి వెతుక్కుంటూ జట్టు జట్టంతా మన అగ్నికొండ కడుపులోకి, మన షాన్ ఊరికే వచ్చి పడింది. అంతా బాగానే ఉంది. విమానంలో గోల్‌కీపరుకి మిగిలింది ఒక్క సీటు, దానికి నువ్వూ, రోటర్‌డామ్‌లో పుట్టిన ఆ లెరోయ్ అనే కుర్రాడూ పోటీ, రెండు వారాల తరవాత ఆదివారం మ్యాచ్‌లో తేలుతుంది అని రాశావు చూడు, అక్కడే నాకు నిద్ర పట్టలేదు. నిన్ను చిన్నప్పుడు మాడిన బూడిదలో దొర్లించి దొర్లించి కీపరుని చేసింది నేను. ఆ సీటు నాది. కూర్చునేది మాత్రం నువ్వు.

అందుకని ఒక పని చెయ్యి. లెరోయ్‌కి ఈ కథ చెప్పు. కొండ పొంగిన ఏడు లావా వస్తుంటే మనవాళ్లు తలుపులు, కిటికీలు, మంచాలు, ఆఖరికి పందుల దొడ్డి గేటు కూడా ఊడబెరుక్కుని పోయారు. గోల్‌పోస్టులు మాత్రం సిమెంట్లో పాతినవి కాబట్టి వదిలేశారు. ఇప్పుడు మీరు ఆడుతున్న కొత్త గ్రౌండు సరిగ్గా పాతదాని నెత్తిమీదే ఉంది. ఇంతవరకూ నిజం. ఇక్కణ్ణుంచి నాది. ఉత్తరం వైపు గోల్‌లో ఒక కీపరు నిలబడిపోయాడు. మ్యాచ్ అయిపోయిందని ఈల వినపడలేదట, అందుకని కదల్లేదు. ముదురు గోధుమరంగు స్వెట్టరు, ముందు పళ్ల మధ్య సందు, ఆ సందులోంచి ఈల. పేరు పలక్కూడదు. కొండ అంచు దాటి మబ్బు దిగే వేళ కింద బంతి తన్నిన చప్పుడు వినిపిస్తుంది. ఆ గోల్‌లో నిలబడేవాడు కాస్త వైను ఒంపి, తలొంచి నిలబడాలి. లేకపోతే మోకాళ్లు వణుకుతాయి.

హాలెండు కుర్రాడు. వణుకుతాడు. చూస్తూ ఉండు.

నీ మామ,
ఒంటికాలి నస్తాసి

తా.క.: ఆ రూపం ఎవరిదని బుర్ర గోక్కోకు. కొత్తగా కల్పించే ఓపిక లేక నా పాతికేళ్లప్పటి రూపమే ఇచ్చేశాను. ఒక్క తేడా. ఆ పోస్టులు పాతేటప్పుడు నా ఎడమచేతి వేళ్లు రెండు తెగి సిమెంట్లో పడ్డాయి కదా, వెతికే లోపల గట్టిపడిపోయింది కదా. మన దయ్యానికి మాత్రం అయిదూ ఉంచాను. దయ్యమైనా కీపరు కీపరే.

*

షాన్ ఊరు,
గురువారం

మామయ్యా, నీ దీవెన కావాలి. నీ కాలు, జుల్యా అత్త కషూప రెండూ క్షేమమని తలుస్తాను.

కథ చెప్పాను. అన్నం తినే దగ్గర, అందరూ వినేలా, నువ్వు చెప్పే తీరులోనే గొంతు తగ్గించి, లెరోయ్‌కి తెలిసే పరాయి భాషలో చెప్పాను. లెరోయ్ వణకలేదు మామయ్యా. చెంచా కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు. వాళ్ల అమ్మమ్మది మన ఊరేనట. ఆవిడ చచ్చిపోయేదాకా ఈ కొండ పేరే కలవరించిందట. ‘ఆ మనిషి ఒక్కడే ఉంటాడా కింద?’ అని అడిగాడు. నేనేం చెప్పను? ఒక్కడే అన్నాను. ‘పాపం’ అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి రోజూ మబ్బు దిగే వేళకి చిన్న గ్లాసుతో వైను తీసుకెళ్లి ఉత్తరం గోల్ దగ్గర ఒంపుతున్నాడు. తలొంచి నిలబడుతున్నాడు. తరవాత గోల్‌లో నిలబడితే ఈగని కూడా లోపలికి పోనివ్వడం లేదు. మా కెప్టెన్ కొట్టిన బంతి ఒకటి, ఖాయంగా లోపలికే అనుకున్నది, గాలిలోనే ఎవరో చెంప మీద కొట్టినట్టు పక్కకి పోయింది. కోచ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇదంతా పరవాలేదు. ఇంకొకటుంది. లెరోయ్‌కి మన భాష రాదు. ‘ఆకలి’, ‘బాగుంది’ తప్ప ఒక్క ముక్క రాదు. నిన్న మబ్బు బాగా కమ్ముకుంది. పోస్టు మాత్రం లీలగా తెలుస్తోంది. అతను గోల్‌లోంచి బయటికొచ్చి నన్నడిగాడు, ‘ఈ మాటకి అర్థమేంటి?’ అని. అడిగి, మన షాన్ యాసలో, చివర కాస్త నాలిక మడతపడేలా అన్నాడు: ‘బంతిని చూడు, కాళ్లు చూడకు.’

ఆ మాట నువ్వు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు కదా మామయ్యా?

నీ అల్లుడు,
సిరీలు

తా.క.: లెరోయ్ పోసేది మంచి వైను. నేను రుచి చూశాను. దయ్యం తాగేది కోచ్ మాకు పోసేదాని కంటే బాగుంది.

*

ప్రాయ,
శనివారం

మామకే మామ అవ్వాలని చూస్తున్న సిరీలుకి, ఒళ్లు మండుతున్న మామ రాస్తున్నది.

ఓరి భడవా! నేను నేర్పిన విద్య నా మీదే ప్రయోగిస్తావా? ‘నాలిక మడతపడేలా’ అట! ఆ ముక్క నువ్వే చెవిలో ఊది, అతని చేత పలికించి, మామ మంచం మీద వణుకుతాడని చూశావు. చదివి జుల్యా వదిన శిలువ గుర్తు వేసుకుంది. నేను మాత్రం నవ్వాను. అబద్ధమెందుకు, నవ్వడానికి కాస్త ఆలస్యమైంది.

సరే, ఆట ఆడాలంటే సరిగ్గా ఆడదాం. ఈసారి ఇలా చెప్పు. ఆ కీపరు మూడుసార్లు వైను పుచ్చుకున్నాక మనిషిని తనతోపాటు ఉండిపొమ్మంటాడు, కిందికి రమ్మంటాడు. అందుకని లెరోయ్ ఇక ఆ గోల్ వైపు పోకూడదు. దక్షిణం వైపుకి మారిపోవాలి. అక్కడ ఎండ కళ్లల్లో కొడుతుంది, బంతి కనపడదు. అర్థమైందా? ఈసారి అన్నాల దగ్గర కాదు, మీ ఇంటికి పిలిచి, మీ అమ్మ చేతి మేకపాల జున్ను పెట్టి, మెల్లిగా చెప్పు. తిన్నప్పుడు మనిషి ఏదైనా నమ్ముతాడు.

కింద చప్పుడు విన్నావా లేదా, అది రాయలేదు నువ్వు.

మామ,
నస్తాసి

తా.క.: వినలేదని రాయి చాలు. ఊరికే అడిగాను.

*

షాన్ ఊరు,
బుధవారం

మామయ్యా, దీవెన అడగాలో, నీకు ఆత్మశాంతి అడగాలో తెలియని స్థితిలో రాస్తున్నాను.

నువ్వు చచ్చిపోయావు. ఊళ్లో అందరికీ తెలుసు.

నువ్వు చెప్పినట్టే లెరోయ్‌ని ఇంటికి పిలిచాను. అమ్మ జున్ను పెట్టింది. నేను కథ మొదలుపెట్టే లోపల అతనే చేతులతో, సైగలతో అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు, నేను చూశాను ఆ మనిషిని అని. గోధుమరంగు స్వెట్టరు, కుడి మోచేతి దగ్గర నీలం ఊలు మాసిక, పళ్ల సందు, ఈల. ఆ ఈల వేసి చూపించాడు. మామయ్యా, ఆ మాసిక సంగతి నీ ఉత్తరంలో లేదు. నాకే తెలీదు. అమ్మ చేతిలోంచి కత్తి జారింది. ‘ఆ మాసిక వేసింది నేను. వాడు నా తమ్ముడు. ప్రాయలో పోయాడు, చివరిచూపుకి గోల్ దగ్గరికి వచ్చాడు’ అని ఒకటే ఏడుపు. అది విని పక్కింటి ముసలాయన నో జుంజుం వచ్చాడు. ఆయన్ని చూసి ఊరు వచ్చింది.

అమ్మ నీకు ఫోన్ చేసిందట కదా? నువ్వు ‘అక్కా, నేనే నస్తాసిని, ఏడవకు’ అన్నావట కదా? అన్నందుకు ఫోన్ని నీళ్ల పీపాలో పడేసింది. ‘చచ్చినవాడే అలా మెత్తగా మాట్లాడతాడు, బతికున్నవాడైతే ఏదో ఒక వెటకారం ఆడేవాడు’ అంది. ఎవరికీ అందులో తప్పు కనపడలేదు.

ముందుగదిలో బల్ల మీద నల్లగుడ్డ పరిచి, శిలువా కొవ్వొత్తులూ పెట్టారు. కింద చాప వేశారు. ఏడో రోజు బల్ల తీసేదాకా ఇంటి మగవాడు చాప దిగకూడదు, గడ్డం గీయకూడదు, పరుగెత్తకూడదు. ఇంటి మగవాడంటే నేనే. ఆదివారం మ్యాచ్ ఉందని అమ్మతో చెప్పాను. ‘మేనమామ శవం చల్లారకముందే బంతి పట్టుకుంటావురా?’ అంది. చాప మీద కూర్చుని రాస్తున్నాను. లెరోయ్ రోజూ వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. ఎందుకో అతనికీ సరిగ్గా తెలీదు. వైను మాత్రం తెస్తున్నాడు.

మామయ్యా, ఏదైనా చెయ్యి. ఆ సీటు పోతే నేను జన్మలో మళ్లీ ఎక్కలేను.

సిరీలు

తా.క.: చప్పుడు విన్నాను.

*

ప్రాయ,
గురువారం

ఇంకా బతికే ఉన్న నస్తాసి, చాప మీది అల్లుడికి దీవించి రాస్తున్నది.

ఈ ఉత్తరం అందరి ముందూ గట్టిగా చదువు. నేను, నస్తాసి, షాన్ ఊరివాణ్ణి, బతికే ఉన్నాను. పొద్దున్నే కషూప తిన్నాను. మళ్లీ పెట్టారు, మళ్లీ తిన్నాను. చచ్చినవాడికి ఇన్ని కష్టాలుండవు. రుజువు కావాలంటే, ఇవాళ ఇక్కడి సంతలో చేపలమ్మే ఆవిడకీ పోలీసాయనకీ కొట్లాట జరిగింది, పోలీసాయన టోపీ చేపల బుట్టలో పడింది. ఇది బతికున్నవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? లూర్దిష్‌ని అడగండి, తనూ చూసింది.

ఇది నీకు మాత్రం. ఆ మాసిక సంగతి లెరోయ్‌కి ఎవరు చెప్పారు? ఆ స్వెట్టరు పాత ఇంటి గోడకి తగిలించి ఉండగానే లావా వచ్చింది. అందరి తలుపులూ మోసి నాది మరిచిపోయాను. ఆ మాసిక గుర్తున్నవాళ్లు మీ అమ్మా నేనూ తప్ప లేరు. నువ్వు కల్పించలేదని ఇప్పుడు నమ్ముతున్నాను. నమ్మినప్పటి నుంచి ఈ గదిలో ఒంటరిగా ఉండబుద్ధి కావడం లేదు. జుల్యా వదినని పిలిచి కూర్చోబెట్టుకుని, ‘ఏం లేదు, వంట గురించి చెప్పు’ అంటున్నాను. ఆవిడకి అనుమానం వచ్చింది.

పరవాలేదు. మామ ఉండగా నీ సీటు ఎక్కడికీ పోదు. రేపటి ఓడ ఎక్కుతున్నాను. కర్రలు చంకలో పెట్టుకుని, కాలు గాల్లో పెట్టుకుని వస్తాను. ఆదివారం మ్యాచ్‌కి ముందు మీ అమ్మ ఎదుట నిలబడి, ఆవిడ చేత రెండు దెబ్బలు తిని, ఆ నల్లగుడ్డ నా చేత్తోనే తీస్తాను. నువ్వు గడ్డం గీసుకుని సిద్ధంగా ఉండు.

మామ,
నస్తాసి (ఊపిరి ఆడుతోంది)

తా.క.: ఎవరెవరు ఏడ్చారో రాయలేదు. ఆ అంగడి ఇదాలీన వచ్చిందా? ఏడ్చిందా? గట్టిగానా, మర్యాద కోసమా?

*

షాన్ ఊరు,
సోమవారం

మామయ్యా, దీవెన, వెయ్యి దీవెనలు!

అంత తొందరేమిటయ్యా నీకు? భోజనం చెయ్యకుండా, ఒక మాట చెప్పకుండా ఎటు పోయావు? ప్రాయకి తిరుగు ఓడ ఎక్కేశావనుకుని అక్కడికే రాస్తున్నాను. సంతోషం ఆగక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

నీ ఉత్తరం ముందు చదివాను. లాభం లేకపోయింది. నో జుంజుం కాయితం అటూ ఇటూ తిప్పి, ‘దస్తూరీ వాడిదే. చచ్చాక అందరినీ ఏడిపించడానికి ముందే రాసి పెట్టుకున్నాడు, వాడి సంగతి నాకు తెలీదా’ అన్నాడు. చేపలావిడ సంగతి చదివితే, ‘చచ్చినవాళ్లకి అన్నీ కనపడతాయి’ అంది అమ్మ. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ మొదలైంది. చాప మీంచి చప్పట్లు వింటున్నాను. మబ్బు దిగింది, గుమ్మం దాకా వచ్చింది. ఆ మబ్బులోంచి నువ్వు వచ్చావు. అమ్మ మొదట కేక వేసింది, తరవాత గరిట తీసుకుని రెండు వడ్డించింది. నువ్వు పళ్ల సందులోంచి ఈల వేసి నవ్వావు. అంతే, ఊరు ఊరంతా నవ్వు. నువ్వే వెళ్లి బల్ల మీది నల్లగుడ్డ తీసి మడత పెట్టావు. అమ్మ కాఫీ ఇచ్చింది. నువ్వు గ్లాసు పట్టుకున్నావు, తాగలేదు. పొద్దున చూస్తే గ్లాసు అలాగే ఉంది, నిండుగా, ఇంకా వేడిగా.

పిండికట్టు ఎప్పుడు విప్పించావు? చక్కగా నడిచావు. అమ్మ ఇప్పటికీ అంటోంది, ‘ఆ జుల్యా ఏం పెట్టిందో గానీ, వాడు పెళ్లికి ముందున్నట్టున్నాడు’ అని. స్వెట్టరు కూడా అలాంటిదే సంపాదించావు, మాసికతో సహా. నీ వేషాలకి అంతు లేదు మామయ్యా! నేను ఒక్కణ్ణే కనిపెట్టాను.

రెండో సగానికి కోచ్ నన్ను దింపాడు, గడ్డంతోనే. ఉత్తరం గోల్. ఆఖర్లో పెనాల్టీ. ఎదుటివాడు కనపడటం లేదు, తెల్లటి గోడలోంచి బంతి చప్పుడు మాత్రమే రావాలి. అప్పుడు నువ్వు వల వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశావు. వేడిగా ఉంది, జ్వరమేమో అనుకున్నాను. అయిదు వేళ్లూ ఒకదాని తరవాత ఒకటి ఆనాయి. ‘బంతిని చూడు, కాళ్లు చూడకు’ అన్నావు. చూశాను. పట్టుకున్నాను.

సీటు నాదే మామయ్యా! మనదే!

లెరోయ్ ఏడవలేదు. నన్ను కావలించుకుని, ‘ఇవాళ నా వెనక నిలబడలేదు, నీ వెనక నిలబడ్డాడు. మంచిదే, నువ్వు ఆయన మనిషివి’ అన్నాడు. అమ్మమ్మ కోసమని ఒక నల్లరాయి జేబులో వేసుకుని రోటర్‌డామ్ వెళ్లిపోయాడు.

నీ అల్లుడు, కీపరు,
సిరీలు

తా.క.: ఇదాలీన గట్టిగా ఏడ్చింది. నువ్వు వచ్చాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

*

ప్రాయ,
బుధవారం

చిరంజీవి సిరీలుకి మామ దీవించి రాస్తున్నది. ఈ ఒక్కసారీ వెటకారం లేదు.

ముందు సంతోషం. జుల్యా వదిన వీధి వీధంతా చెప్పింది. నువ్వు బంతి పట్టుకున్న ముక్క ఎన్నిసార్లు చదివించుకున్నానో! పక్కింటివాళ్లు కూడా వచ్చి విన్నారు, మేక సంగతి మరిచిపోయి.

ఇప్పుడు కూర్చో. కూర్చునే చదువు.

నేను రాలేదురా.

శుక్రవారం ఓడ కదల్లేదు. సముద్రం లేచింది. రేవులో కర్రల మీద నిలబడి ఓడవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను, అది నిజం. లూర్దిష్‌ని అడుగు, తను అక్కడే ఉంది, ఉత్తరం మాత్రం ముందురోజే చేపల పడవవాడి చేతిలో పెట్టి పంపింది. తరవాత జుల్యా వదిన నన్ను బండిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. కాలికి పిండికట్టు ఇంకా ఉంది. దాని మీద పిల్లలు బొమ్మలు గీస్తున్నారు.

ఆదివారం మధ్యాహ్నం మంచం మీదే ఉన్నాను. మగత పట్టింది. ఉన్నట్టుండి ఎడమచెయ్యి చురుక్కుమంది. ఉన్న మూడు వేళ్లు కాదు. లేని రెండు. ఇన్నేళ్లలో ఎన్నడూ వాటి ఊసే లేదు. పొయ్యి దగ్గర పెట్టినట్టు వెచ్చబడ్డాయి. దేని మీదో గట్టిగా ఆనినట్టు అనిపించింది. బట్ట, బట్ట కింద ఎముక. నీ భుజం ఎముక నాకు తెలుసురా, చిన్నప్పటి నుంచి పట్టుకుని లేపినవాణ్ణి. ఏం కలరా బాబూ అనుకుని పడుకున్నాను. ఇవాళ నీ ఉత్తరంలో ‘అయిదు వేళ్లూ’ అన్న చోట ఆగిపోయాను.

ఇది నేను చేసిందని చెప్పుకోవాలని ఎంత ఆశగా ఉందో నీకు తెలీదు. జీవితంలో ఇంత పెద్ద పని చెయ్యలేదు. కానీ నాది కాదు. నాకు నేనుగా ఒకణ్ణి కల్పించి, ఈల వినపడలేదని అక్కడ నిలబెట్టాను. నిలబడమన్నందుకు నిలబడ్డాడు, అంతే. స్వెట్టరు అక్కడే ఉంది, వేళ్లు అక్కడే ఉన్నాయి, వేసుకోవడానికి వాడికేం తక్కువ?

మీ అమ్మకి చెప్పకు. మళ్లీ బల్ల వేస్తుంది, ఈసారి ఎవరి కోసమో నాకే తెలీదు. ఆ కాఫీ గ్లాసు మాత్రం పారబొయ్యొద్దని చెప్పు. ఏదో ఒక వంక పెట్టు.

భయపడకు అల్లుడూ. నేను కాస్త భయపడుతున్నాను, మన ఇద్దరికీ అది చాలు.

మామ,
నస్తాసి (ప్రాయలో ఉన్నవాడు)

తా.క.: విమానం ఎక్కే ముందు ఉత్తరం గోల్ దగ్గర ఒక గ్లాసు ఒంపు, లెరోయ్ పోసినలాంటి మంచిది. మ్యాచ్ అయిపోయిందని ఈల వేద్దామని మొదట అనుకున్నాను, పాపం విశ్రాంతి దొరుకుతుంది కదా అని. తరవాత మానుకున్నాను. వెయ్యొద్దు. మన దేశానికి ఉన్న జనమే ఇంత. నిలబడగలిగినవాణ్ణి ఇంటికి పొమ్మని ఎలా అంటాం? కప్పుకి నాతో వస్తావా అని వాణ్ణి అడిగి చూడు. ఎప్పుడైనా అక్కడ, అంత జనం మధ్య, నీ భుజం వెచ్చబడితే వెనక్కి తిరక్కు. బంతిని చూడు.